లష్కర్‌లో రెండు రోజుల సినిమా

ఇంట్లో ఒక్క పెళ్ళి చేసిన అనుభవం ఉంటే చాలు, సినిమా తియ్యడం ఏమంత కష్టం కాదు! నవ్వకండి. చేసి చూసి చెబుతున్నాను. పెళ్ళికీ సినిమాకీ తేడా ఏముంది చెప్పండి? ముహూర్తం జరపడానికి వీల్లేదు. వచ్చేవాళ్ళు పదిమందన్నారంటే పదిహేనుమందికి వండాలి. ఆఖరి నిమిషంలో ఏదో ఒక వస్తువు కనిపించదు. అందరూ అలిసిపోయి ఉన్న సమయంలో ఎవరో ఒకరు మనసులో మాట బయటపెడతారు. మా ఇంట్లోనూ అచ్చం అలాగే జరిగింది.

మా అమ్మాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. మాఘమాసంలో ఓ శుక్రవారం పొద్దున్న కాఫీ తాగుతూ, "అమ్మా, ఈ శని, ఆదివారాలు మనింట్లో సినిమా తీస్తున్నాం" అంది. ఏదో ఫోన్‌లో సరదాగా తీసుకుంటారు కాబోలు అనుకున్నాను. కాదట! దానికో పద్ధతుందిట. 2001లో అమెరికాలోని వాషింగ్టన్‌లో కొందరు మిత్రులు, నలభై ఎనిమిది గంటల్లో సినిమా పూర్తిచెయ్యగలమా అని పందెం లాంటిది పెట్టుకున్నారు. అది పాకి ఎన్నో దేశాలకి పోయింది. మన దేశంలో 2011లో మొదలైన ఇండియా ఫిల్మ్ ప్రాజెక్ట్‌లో ఇలాంటి పోటీకే యాభై గంటలిస్తారు. ఆ నలభై ఎనిమిది గంటల పోటీలో శుక్రవారం సాయంత్రం చీటీ తీస్తారు. ఏ రకం కథో చీటీలో వస్తుంది. దాంతోపాటు ఒక వస్తువు, ఒక పాత్ర, ఒక మాట చెబుతారు. అవి సినిమాలో తప్పనిసరిగా ఉండాలి. కథ ముందే రాసి దాచుకోకుండా అన్నమాట ఈ ఏర్పాటు! మా అమ్మాయి కాలేజీలో ఫిల్మ్ క్లబ్ పిల్లలు అదే పద్ధతిలో తమలో తాము పోటీ పెట్టుకున్నారు. ఆదివారం సాయంత్రం ఏడున్నరకల్లా అయిదారు నిమిషాల సినిమా అందజెయ్యాలి. ఏడూ ముప్ఫై ఒకటికి ఇస్తే లెక్కలోకి రాదు.

సాయంత్రం చీటీ వచ్చింది. కుటుంబ కథ. వస్తువు తాళంచెవి. పాత్ర, ఒంటరిగా ఊళ్ళో తిరిగే ఓ పెద్దావిడ. మాట, "టైమెంతయింది?"

తొమ్మిదిమంది పిల్లలు మా హాల్లో చాప పరుచుకుని కూచున్నారు. పెద్దావిడ ఎవరన్న ప్రశ్న రాగానే అందరి కళ్ళూ వసారాలో వత్తులు చేసుకుంటున్న మా అత్తయ్య మీదికి వెళ్ళాయి.

మా గురించి కాస్త చెప్పాలి. మాది వెస్ట్ మారేడ్‌పల్లి. మామయ్యగారు కట్టించిన పెంకుటిల్లు. ముందు వసారా, వెనక బావి, బావి పక్కన వేపచెట్టు. చుట్టూ ఇళ్ళన్నీ ఒక్కొక్కటే అపార్టుమెంట్లు అయిపోయాయి. మాదీ డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశాం. ఉగాది వెళ్ళాక ఖాళీ చెయ్యాలి. అత్తయ్యకి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఈ ఇంటికి వచ్చి యాభై ఆరేళ్ళు.

"నాకు నటనేమిటర్రా!" అన్నారే గానీ, పొద్దున ఏ చీర కట్టుకోవాలో ఆ రాత్రే తీసి పెట్టుకున్నారు.

మా అమ్మాయి కథ పదకొండింటికి తయారైంది. ఓ పెద్దావిడ ఇంటికి తాళం వేసి, తనకి తెలిసిన ఊరంతా ఒకసారి తిరిగొచ్చి, తాళంచెవి కొడుక్కి ఇవ్వకుండా "ఈ ఇల్లు వదిలి నేను రాను" అంటుంది. ఇంతే. పేజీకి ఒక నిమిషం లెక్కన అయిదు పేజీలు.

ఇక ఊరు. సికిందరాబాదు మీకు తెలియనిదా! మూడో నిజాం సికిందర్ జా పేరుతో 1806లో ఏర్పడిన దండు ఊరు. అందుకే పాతవాళ్ళు ఇప్పటికీ 'లష్కర్' అంటారు. ఆషాఢంలో ఉజ్జయినీ మహంకాళి అమ్మవారికి జరిగేవి లష్కర్ బోనాలే కదా. అయితే సినిమా కంటితో చూస్తే మన ఊరే కొత్తగా కనిపిస్తుంది. కెమెరా అబ్బాయి మొదట అన్నమాట, "స్టేషన్‌లో ఓ సీన్ పెడదాం." రెండు ఇబ్బందులొచ్చాయి. ఒకటి, రైల్వే స్థలంలో షూటింగ్ చెయ్యాలంటే దక్షిణ మధ్య రైల్వే వాళ్ళ అనుమతి ముందుగా తెచ్చుకోవాలి. ఒక్క రాత్రిలో ఎవరిస్తారు? రెండోది, మనం ఎరిగిన ఆ స్టేషన్ ముఖమే ఇప్పుడు లేదు. కొత్త కట్టడం కోసం 2025లో పాత భవనాన్ని కూల్చేశారు. పెళ్ళయ్యాక మామయ్యగారితో అత్తయ్య దిగింది ఆ స్టేషన్‌లోనే. "ఒక్క ఫోటో అయినా తీసుకోలేదే దాని ముందు" అన్నారు. ఆ మాటతోనే మా అమ్మాయి రాత్రికి రాత్రి ఊళ్ళో చోట్ల జాబితా తిరగరాసింది. ఉన్నవాటిని ఉన్నప్పుడే తియ్యాలని.

శనివారం పొద్దున ఆరున్నరకి మోండా మార్కెట్. మాఘమాసం వెలుగు ఆరూ నలభై అయిదుకి గానీ రాదు. వచ్చాక తొమ్మిది దాకా మెత్తగా, పక్కనుంచి పడుతుంది. తరవాత ఎండ నెత్తిమీదికొచ్చి ముఖాల మీద నీడలు పడతాయి. అందుకే ఆరుబయట పనంతా పొద్దున తొమ్మిదిలోపు, మళ్ళీ సాయంత్రం నాలుగు తరవాత అని పెట్టుకున్నారు. మధ్యాహ్నం ఇంట్లో సీన్లు. మీరెప్పుడైనా తీస్తే ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, లైట్ల అద్దె మిగులుతుంది.

మార్కెట్లో కరివేపాకు కట్టల మధ్య అత్తయ్య నడుస్తుంటే అమ్మేవాళ్ళంతా కెమెరా వైపే చూడటం మొదలుపెట్టారు. ఓ కూరగాయలావిడ, "ఏం సీరియల్ తీస్తున్రు బిడ్డా?" అంది. సంగతి చెప్పి, మిమ్మల్నీ తియ్యొచ్చా అనడిగితే, "తియ్యుండ్రి గానీ అవ్వను జర గీ పక్కకు జరగమనుండ్రి, గిరాకీకి అడ్డమైతది" అంది. అడగకుండా ఎవరి ముఖమూ తియ్యకూడదని మా అమ్మాయి నియమం. ఒప్పుకున్నవాళ్ళ పేరు, సంతకం ఓ నోటుపుస్తకంలో తీసుకుంది. సంతకం రానివాళ్ళు ఒప్పుకున్న మాట ఫోన్‌లో రికార్డు చేసుకుంది. కాసేపటికి అందరికీ కెమెరా అలవాటైపోయింది. అత్తయ్య కథ సంగతే మరిచిపోయి అరకిలో చిక్కుడుకాయలు బేరం చేశారు. సినిమాలో అన్నిటికన్నా బాగా వచ్చిన సీను అదే!

అక్కణ్ణించి నడిచిపోయేంత దూరంలో క్లాక్ టవర్. 120 అడుగుల ఎత్తు, 1897లో ప్రారంభమైంది. దాని కింద నిలబడి అత్తయ్య ఎవరినో "టైమెంతయింది?" అని అడగాలి. గడియారం కిందే నిలబడి టైమడగడమేమిటని ఆవిడ వాదన. "నవ్వొస్తుంది కదా నానమ్మా, అందుకే" అంది మా అమ్మాయి. నాలుగుసార్లు తీశారు. ప్రతిసారీ ఓ బస్సు హారన్ కొట్టింది.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ఇలాంటి సినిమాల్ని చెడగొట్టేది బొమ్మ కాదు, శబ్దం. ఫోన్ కెమెరాలు ఇప్పుడు బ్రహ్మాండంగా తీస్తున్నాయి. మాట వినపడకపోతే మాత్రం చూసేవాళ్ళు లేచిపోతారు. అందుకే పిల్లలు కెమెరా అద్దెకి తేలేదు, మైకు తెచ్చారు. పొడుగాటి కర్ర చివర మైకు కట్టి, మాట్లాడేవాళ్ళ తలకి పైన, బొమ్మలో పడకుండా పట్టుకోవాలి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటూ ఉండాలి. ఆ పని చేసే అమ్మాయికి శనివారం మధ్యాహ్నానికే భుజం పట్టేసింది. "నేను పట్టుకుంటాలే" అని మావారు ముందుకొచ్చారు. పొద్దుట్నించీ పేపరు చదువుకుంటూ, ఇదంతా ఏం గోల అన్నట్టు చూస్తున్న మనిషి!

నాకిచ్చిన ఉద్యోగం కంటిన్యూటీ. ముందు సీన్లో గాజులెన్ని, కొంగు ఎటువైపు, గ్లాసులో కాఫీ ఎంతవరకు ఉంది... తరవాత సీన్లోనూ అలాగే ఉండాలి. పక్కింటికిచ్చిన గిన్నె ఏది తిరిగి రాలేదో ఆరునెలల తరవాత కూడా చెప్పగలిగిన మనకి ఇదో లెక్కా! అనుకున్నాను. అయినా తాళంచెవి మార్కెట్లో ఎడంచేతిలో, సాయంత్రం కుడిచేతిలో ఉందని ఆదివారం గానీ కనిపెట్టలేకపోయాను. ప్రతి సీను కాగానే ఒక ఫోటో తీసి పెట్టుకోండి. జ్ఞాపకాన్ని నమ్మకండి.

వంట సంగతి అడుగుతారని తెలుసు. మొత్తం పన్నెండుమందిమి. శనివారం కిలో బియ్యంతో పులిహోర, అరకిలో బియ్యంతో దద్దోజనం. రెండూ పొద్దున నాలుగున్నరకే కలిపేసి డబ్బాల్లో పెట్టాను. చేతులు కడుక్కోవడం కుదరని చోట చెంచాతో తినగలిగినవి, చల్లారినా బాగుండేవి చెయ్యాలి. కూరలు, పులుసులు వద్దు. చీరమీద ఒక్క మరక పడిందంటే సీను పోయినట్టే. టీకి లీటరు పాలలో అరలీటరు నీళ్ళు, ఫ్లాస్కులో. నడుమ నడుమ చేగోడీలు, బఠాణీలు. అందరి దగ్గరా ఎవరి నీళ్ళ సీసా వాళ్ళకి. ఆకలేస్తే కోపాలొస్తాయి. కోపాలొస్తే టైము పోతుంది. ఇది ఏ ఫిల్మ్ స్కూల్లోనూ చెప్పక్కర్లేదు మనకి.

సాయంత్రం నాలుగింటికి బన్సీలాల్‌పేట మెట్లబావి. మీరు చూశారా? చూడకపోతే తప్పకుండా వెళ్ళండి. ఏళ్ళ తరబడి ఇళ్ళ చెత్త, మట్టి పడి పూడుకుపోయిన బావి అది. ఆ చెత్తంతా తోడి, రాయి రాయి సరిచేసి, 2022 డిసెంబరులో మళ్ళీ జనానికి తెరిచారు. అక్కడున్నవాళ్ళని అడిగి, జనం లేని మూలలో రెండు సీన్లు తీసుకున్నారు. అత్తయ్య మెట్టు మీద కూచుని నీళ్ళకేసి చాలాసేపు చూశారు. కెమెరా ఆగిందని చెప్పినా లేవలేదు. "ఇన్నాళ్ళు చెత్త కింద ఉన్నా ఊట చావలేదన్నమాట" అన్నారు. ఎవరితోనో తెలీదు.

రాత్రి పిల్లలు తీసినవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఇంకో డిస్కులోకి కూడా దించారు. రెండుచోట్ల ఉంటే గానీ ఉన్నట్టు కాదట. దూరంగా స్టేషన్‌లోంచి రైలు కూత వినపడితే సౌండ్ అమ్మాయి మేడమీదికి పరుగెత్తి అది రికార్డు చేసుకొచ్చింది. స్టేషన్ సీను అలా, కూతగా మిగిలింది.

అన్నం తింటూ వాళ్ళకి శ్యాం బెనెగల్ గురించి చెప్పాను. ఆయన పుట్టింది ఇక్కడే, మన తిరుమలగిరిలో, 1934లో. తండ్రి శ్రీధర్ బెనెగల్ ఫోటోగ్రాఫర్. ఆయనిచ్చిన కెమెరాతో పన్నెండేళ్ళ వయసులోనే మొదటి సినిమా తీశారు. పెద్దయ్యాక తీసిన 'అంకుర్' (1974)లో మనుషులు మన తెలంగాణ పల్లెవాళ్ళు, వాళ్ళ మాట మన దక్కనీ. 'మంథన్' (1976)కి గుజరాత్ పాలరైతులు అయిదులక్షల మంది తలో రెండు రూపాయలు వేసుకున్నారు. 2024 డిసెంబరులో ఆయన పోయారు. పద్మారావునగర్లో మనం రోజూ చూసే వీధుల్లోనే శేఖర్ కమ్ముల 'ఆనంద్' (2004) తీశారు కదా. "అయితే మన వీధి చాలన్నమాట" అంది మా అమ్మాయి. చాలు. కానీ వీధితోపాటు, వీధిలో ఉన్న మనిషి మాట కూడా కావాలని మర్నాడు తెలిసింది.

ఆదివారం పొద్దున ఎనిమిది. ఆఖరి సీను. వసారాలో పీట మీద అత్తయ్య. చేతిలో తాళంచెవి. పైన మైకు కర్ర పట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్లతో మావారు. మా అమ్మాయి "యాక్షన్" అంది.

అత్తయ్య నోరు విప్పలేదు.

"నానమ్మా, 'ఈ ఇల్లు వదిలి నేను రాను' అనాలి."

"నేనలా అనను."

"ఎందుకని?"

"వెళ్ళనని ఎవరన్నారు? వెళ్తాను. వానొస్తే కారే పెంకులు, ఎత్తు గడపలు, నా మోకాళ్ళు... ఈ ఇంటి కష్టం నాకు తెలిసినట్టు మీకెవరికి తెలుసే? కానీ ఒక్కరంటే ఒక్కరు వచ్చి, 'ఏం చేద్దాం?' అని నన్నడిగారా? కాగితాలు తెచ్చి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించారు. పెట్టాను."

కెమెరా ఆపలేదు. ఎవరూ కదల్లేదు. ఆవిడ తాళంచెవి పీటమీద పెట్టి, "టైమెంతయింది? పొయ్యిమీద పాలు పెట్టాను" అని లేచి లోపలికి వెళ్ళిపోయారు.

ఆ మాటలు మేమంతా గాలిలో విన్నాం. మావారు మాత్రం హెడ్‌ఫోన్లలోంచి, చెవిలో చెప్పినట్టు విన్నారు. కర్ర దించకుండా అలాగే నిలబడిపోయారు. నాకూ తగిలింది, దాచుకోవడమెందుకు! కొత్త ఫ్లాటులో వంటగది ఎటుండాలో, సింకు ఎక్కడుండాలో బిల్డరుతో గంటసేపు మాట్లాడిన దాన్ని. పక్కగదిలో ఉన్న ఆవిడని పిలవాలని తోచలేదు. ఆవిడకి బాధ ఉంటుందని అనుకున్నాం, జాలిపడ్డాం, జాగ్రత్తగా చూసుకున్నాం. అడగడం ఒక్కటి మరిచిపోయాం.

మా అమ్మాయి వంటింట్లోకి వెళ్ళి మెల్లిగా, "నానమ్మా, ఇప్పుడు నువ్వన్నది సినిమాలో ఉంచనా, తీసెయ్యనా?" అంది.

అత్తయ్య పాలు దించుతూ, "అడిగావు కదా, ఉంచు" అన్నారు.

ఇంక అక్కణ్ణించి పరుగే! కథ మారింది కాబట్టి ముందు సీన్ల వరస మార్చాలి. రెండు గంటల బొమ్మని అయిదూ నలభైకి కోశారు. సినిమా పాట పెట్టకూడదు, హక్కులు వాళ్ళవి. ఓ కుర్రాడు మా పెరట్లో కూచుని వేణువు వాయిస్తే అదే పెట్టుకున్నారు. చివర్లో కంప్యూటరు మొత్తం కలిపి ఒక ఫైలుగా చెయ్యడానికి ఇరవై నిమిషాలు తీసుకుంది. దానికి వేరే టైము ఉంచుకోకపోవడమే చాలామంది మునిగిపోయే చోటుట. ఏడూ ఇరవై రెండుకి అందజేశారు.

బహుమతి వచ్చిందా అంటారా? రాలేదు. తాళంచెవి చెయ్యి మారిన సంగతి కూడా ఎవరో పట్టేశారు! ఖర్చు మాత్రం మైకు అద్దె, ఆటోలు, తిండి అన్నీ కలిపి 4,600 రూపాయలు. కుర్రాళ్ళు తలా నాలుగువందలు వేసుకున్నారు. మిగతా వెయ్యి అత్తయ్య పర్సులోంచి. "నా సినిమా కదా" అన్నారు.

సోమవారం సాయంత్రం మావారు ఆఫీసునించి వస్తూనే ఇంటి ప్లాను కాగితాలు తీసుకెళ్ళి వసారాలో అమ్మ ముందు పరిచారు. "అమ్మా, ఏం చేద్దాం?" అన్నారు. ఆవిడ కళ్ళజోడు తెప్పించుకుని గంటసేపు చూశారు. రెండే కోరారు. ఒకటి, కింది వాటా. రెండు, బావి పూడ్చొద్దు. వాననీళ్ళు అందులోకి దిగేలా చెయ్యండి అన్నారు. "ఆ మెట్లబావి చూశాక కూడా పూడుస్తారట్రా?" అని అడిగారు. కింద కార్లు పెట్టుకోవాలి కాబట్టి మొదటిది కుదర్లేదు. మొదటి అంతస్తులో, లిఫ్టు పక్కన ఇచ్చారు. బావికి మాత్రం బిల్డరు ఒప్పుకున్నాడు. కాగితం మీద రాయించుకున్నాకే అత్తయ్య కాఫీ ఇప్పించారు అతనికి.

ఉగాది వెళ్ళింది. మేం మారాం. పెంకుటిల్లు ఇప్పుడు లేదు. ఆ అయిదూ నలభైలో ఉంది. బావి ఉంది, చుట్టూ రేకులు కట్టి.

మీ ఇంట్లోనూ పిల్లలుంటారు, ఫోన్లుంటాయి, ఓ పెద్దావిడ ఉంటారు. రెండురోజులు సెలవు దొరికితే వాళ్ళ చేతికి మీ వీధి అప్పగించండి. పులిహోర మీరు కలపండి. పెద్దావిడకి మాత్రం మాటలు మీరు రాసివ్వకండి. మైకు పట్టుకుని వినండి, చాలు.